అన్న మొక్కు

పాలకొల్లుకు ఇంకా కాలువ పడవల్లోనే వెళ్లే రోజులు. నేను మద్రాసులో వైద్యం చదివి కొత్తగా వచ్చాను. చేపలు పట్టుకు బతికే అన్నదమ్ములిద్దరు పడవలో నా ఎదుట కూర్చున్నారు. తమ్ముడి ముఖం ఎడమవైపు జారిపోయింది. ఆ కన్ను మూతపడదు. దాని మీద ఎండ పడకుండా అన్న తన అరచెయ్యి అడ్డం పెట్టి ఉంచాడు.

లాకు తలుపులు తెరిచేదాకా పడవ ఆగినప్పుడు, నేను డాక్టర్నని తెలిసి అన్న నాతో చెప్పుకున్నాడు.

"వల చింపాడని ఆ చెంప మీదే కొట్టానండి బాబూ. తర్వాత చెవి పోయింది, మూతి వంకర తిరిగింది. వాడికి బాగయ్యేదాకా చేప తిననని అమ్మవారికి మొక్కుకున్నానండి."

నా గడియారం తమ్ముడి ఎడమ చెవికి ఆనించాను. వినబడలేదన్నాడు. చెవిలో హోరు ఎప్పటినుంచని కుడి చెవి దగ్గర అడిగాను.

"అన్నయ్య కొట్టక చాలా ముందునుంచేనండి."

మద్రాసులో ఇలాంటి రోగినే చూశాను. చనిపోయాక తల తెరిస్తే చెవి నరం మీద నిమ్మకాయంత కంతి ఉంది. రోగం కనిపెట్టానన్న సంబరంలో గబగబా చెప్పేశాను.

"నీ దెబ్బ వల్ల కాదయ్యా. లోపల నరం మీద కంతి పెరుగుతోంది."

"దానికి మందేంటండి?"

నేను కాలువ వైపు చూశాను.

"నా దెబ్బ వల్లే అయితే బాగుండేదండి," అన్నాడు అన్న.

మధ్యాహ్నం పడవవాళ్లు అన్నంలో చేపల పులుసు పోస్తే అతను వద్దనలేదు. ఎడమ చెయ్యి తమ్ముడి కంటికి అడ్డం పెట్టి, కుడిచేత్తో తిన్నాడు.