కుప్పమన్నా చూడనీ

పోలీసు కేసయితే శవపరీక్షకు ఇంటివాళ్లను ఎవరూ అడగరు. రోగంతో ఆస్పత్రిలో పోయినవాళ్ల సంగతి వేరు. ఎందుకు పోయారో డాక్టరుకు అంతుపట్టకపోతే, కోసి చూడడానికి ఇంటివాళ్లు ఒప్పుకోవాలి. రెండువేల మూడు, నాలుగు ప్రాంతంలో మదనపల్లెలోని ఒక ఆస్పత్రిలో అలా అడిగే పని నాది. పుంగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చి, ఏడుస్తున్నవాళ్ల పక్కన నిలబడేవాణ్ణి. నేను నోరు తెరిస్తే కాదన్న మనిషి లేడు.

అందులోనూ కురబలకోట తల్లి సంగతి చెప్పాలి. గొర్రెలు మేపుకునే కుటుంబం. పెద్దకొడుకు మంద వెనక నడుస్తూ నడుస్తూ కూలిపోయాడు. ఆస్పత్రికి తెచ్చిన కాసేపటికే ప్రాణం పోయింది. తండ్రి కూడా అంతకు ముందు అట్లాగే పోయాడట. చిన్నకొడుకు వరండా మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. వాడికీ అప్పుడప్పుడు గుండెదడ వస్తుందని తెలిసి డాక్టరుగారు నన్ను తొందరపెట్టారు.

"అడగవయ్యా, వీణ్ణన్నా కాపాడుకుందాం."

గంటసేపు మాట్లాడాను. పిల్లవాడి మేనమామ తువ్వాలు తడిసి ముద్దయింది. కిటికీ దగ్గర నిలబడి విన్న డాక్టరుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

ఎక్కడి కళ్లద్దాలు! ఆయనకు అద్దాలే లేవు. నేను అన్నది ఒక్క మాట: "అమ్మా, కోసి సూస్తే కారణం తెలియొచ్చంట." అంతే.

మేనమామ ఎగిరి లేచాడు. "సచ్చినోన్ని మల్లా సంపుతారాప్పా? పో ఈడ్నించి!"

నేను కదలబోతుంటే తల్లి తన అన్నను ఆపింది. "యాలన్నా అరుస్తావు? మందలో గొర్రె ఉన్నట్టుండి సచ్చిపోతే నువ్వు కోసి సూడవా?"

"అది గొర్రె. వీడు నా అల్లుడు!"

"మిగిలిండేటివి బతకాలనే గదా కోసేది." మెట్లకేసి చూసింది. "నాకింక ఒక్కడే ఉండాడు."

తర్వాత నా వైపు తిరిగింది. "కోసుకోండప్పా. లోపలిది మాత్రం ఏదీ ఈడ పెట్టుకోగూడదు. అంతా ఇచ్చేయాల."

తల ఊపితే అయిపోయేది. అలా ఊపిన రోజులూ ఉన్నాయి. కానీ ఆమె నా కళ్లలోకే చూస్తోంది.

"గుండెలోంచి చిన్న ముక్క కుప్పం పంపాలమ్మా. ఆడ మెడికల్ కాలేజీలో పెద్ద డాక్టరు సూడాల."

"మల్లా ఇస్తారా?"

"ఇయ్యరమ్మా."

ఇక ఒప్పుకోదనుకున్నాను. చిన్నవాడి ముఖం చూడలేక గోడవైపు తిరిగాను. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"బెంగులూరు పోతా, బెంగులూరు పోతా అని పోరేవాడు పెద్దోడు. గొర్రెలెవురు మేపుతారని నేనే పంపలా. కుప్పమన్నా సూడనీ."

వేలిముద్ర వేసింది.

గుండె కండ బాగా మందమై ఉందని తేలింది. చిన్నవాడికి స్కాన్ తీస్తే అదే. తండ్రి నుంచి వచ్చి ఉంటుందన్నారు. మాత్రలిచ్చి, మంద వెనక గుట్టలెక్కడం మాన్పించారు. వాడిప్పుడు అంగళ్లు ఊళ్లో టీకొట్టు పెట్టుకుని కాలేజీ పిల్లలకు బజ్జీలు వేస్తున్నాడు. తల్లి ముసలిదై, నిద్రలోనే పోయింది.

అటు పోయినప్పుడల్లా ఆగుతాను. టీ తాగుతూ నా గంట ఉపన్యాసం కథ పిల్లలకు చెబుతాను. ఈ మధ్య అది గంటన్నర అయింది. వాడు ఆ మెట్ల మీద కూర్చుని అంతా విన్నవాడే, అయినా కాదనడు. మొన్న నా గొప్ప చెప్పుకునే ఊపులో తల్లి మాట ఎగిరిపోయింది. పిల్లలు వెళ్లాక వాడు నా గ్లాసులో ఇంకాస్త టీ పోశాడు.

"ఉపన్యాసం ఎంత పొడుగన్నా సెప్పుకోండి సార్. మాయమ్మ కుప్పం మాట మాత్రం ఇడిసిపెట్టొద్దండి."