శనివారం ప్రసంగం విన్నవాడు

ఆ ఇంటికి కాలింగ్ బెల్ పెట్టించిన పుణ్యాత్ముడెవరో గానీ, జన్మలో పాస్టరు ఉద్యోగం చేసినవాడు మాత్రం కాదు. పొద్దున ఆరున్నరకు మొదలైన మోత రాత్రి కంచాలు కడిగేదాకా ఆగదు. ఒకరికి పెళ్ళి తేదీ కావాలి. ఒకరికి బాప్తిస్మం సర్టిఫికెట్ కావాలి. ఒకావిడ కోడలి మీద ఫిర్యాదు చేసి వెళ్తుంది, గంట తిరక్కుండా ఆ కోడలే వచ్చి అత్తగారి మీద చెప్పి వెళ్తుంది. చర్చి కప్పు కారినా అయ్యగారే, మైకు కీచుమన్నా అయ్యగారే, పాటల బృందంలో ఇద్దరికి మాటల్లేకపోయినా అయ్యగారే. ఆయనకు తల ప్రాణం తోకకొచ్చేది.

ఇల్లు చర్చిని ఆనుకునే ఉంటుంది. నాలుగు గదులు, ముందొక వరండా. వరండాలో వచ్చినవాళ్ళు కూర్చోడానికి పొడుగాటి చెక్క బల్ల, దాని వెనక గోడ, గోడకు అవతల అయ్యగారు చదువుకునే గది. ఆ గోడకు ఒక కిటికీ. దానికి అద్దం లేదు, పాత కర్టెన్ ఒకటుంది. కర్టెన్ ఉంటే మాట కూడా బయటికి పోదన్నట్టు అయ్యగారు అన్నేళ్ళూ ధైర్యంగా ఉన్నాడు.

అమ్మగారు హైస్కూల్లో లెక్కల టీచరు. ఆదివారం పిల్లల బడి కూడా ఆవిడదే, పాటల సాధన కూడా ఆవిడదే. ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో ఎర్ర పెన్ను పట్టుకుని నోట్సులు దిద్దేది. వాళ్ళకు ఒక్కతే కూతురు, తొమ్మిదేళ్ళది. ఇంట్లో అందరూ లాయరమ్మ అంటారు. "ఇప్పుడే వస్తా అన్నావు, గంటా పది నిమిషాలైంది" అని తండ్రిని గుమ్మంలోనే నిలదీసే రకం. ఆ పిల్ల చేత అబద్ధం చెప్పించడం ఎవరి తరమూ కాదని తల్లి గర్వంగా చెప్పుకునేది.

శనివారం సాయంత్రం నాలుగింటి నుంచి ఆరింటి వరకు అయ్యగారు ప్రసంగం సాధన చేసేవాడు. మనసులో చదువుకుంటే ఆయనకు కుదరదు. గదిలో అటూ ఇటూ నడుస్తూ, చేతులు ఊపుతూ, ఎదురుగా మూడొందలమంది ఉన్నట్టు గొంతెత్తి చెప్పాల్సిందే. బీరువాను చూసి గద్దించేవాడు. కుర్చీని ఓదార్చేవాడు. చివర ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని ప్రార్థించి ఆమెన్ అనేవాడు.

సంఘంలో కుర్చీల తాత అని ఒకాయన ఉండేవాడు. వైరు కుర్చీలు అల్లడం, విరిగిన బల్లలకు కాళ్ళు వేయడం ఆయన పని. చర్చిలో ఆయన చెయ్యి పడని కుర్చీ లేదు. మనిషి బంగారం, కాకపోతే వస్తే ఒకంతట కదలడు. ముందు కుర్చీల సంగతి, తర్వాత టేకుకూ వేపకూ తేడా, ఆ తర్వాత చనిపోయిన భార్య సంగతి, అది అయ్యేసరికి మళ్ళీ కుర్చీలు. రెండు గంటలు హరీమంటాయి. ఆయన దూరాన కనబడితే సంఘపెద్దలే పక్క సందులోకి తిరిగేవాళ్ళు.

ఆ శనివారం పొద్దున రెండు పెళ్ళిళ్ళ మాటలు, మధ్యాహ్నం ఒక ఆసుపత్రి, కమిటీ మీటింగులో ఒక గొడవ. అయ్యగారు గదిలోకి వచ్చేసరికి నాలుగున్నర దాటింది. ప్రసంగం సగమే సిద్ధమైంది. బెల్ మోగింది. కర్టెన్ సందులోంచి చూస్తే కుర్చీల తాత.

"అమ్మా, నాన్న ఇంట్లో లేరని చెప్పు" అన్నాడు కూతురితో.

"ఉన్నావు కదా?"

"ఈ ఒక్కసారికి చెప్పమ్మా. నా తల్లివి కదూ."

పిల్ల ఒక్క క్షణం తండ్రి ముఖంలోకి చూసి వెళ్ళింది. తలుపు తీసిన చప్పుడు, ఏదో మాట, తలుపు వేసిన చప్పుడు. అయ్యగారు ఊపిరి పీల్చుకున్నాడు. రెండు నిమిషాలు ఆగి, చేతులు ఊపుతూ మొదలుపెట్టాడు. ఆ వారం అంశం సహనం. ముప్పావుగంట చెప్పి, ప్రార్థించి, ఆమెన్ అన్నాడు. వెంటనే కిటికీ అవతల నుంచి మెల్లగా ఇంకొక ఆమెన్ వినబడింది. కూతురు వెక్కిరిస్తోందనుకుని నవ్వుకున్నాడు.

మర్నాడు తెల్లవారకముందే కుర్చీల తాత పోయాడు. గుండె ఆగిందన్నారు. ఆయన కూతురు దర్జీ. భర్త లేడు, తండ్రీ కూతుళ్ళే ఉండేవాళ్ళు. ఆమె పక్కింటాయన్ని పంపి కబురు చెప్పించింది. అయ్యగారు ఆదివారం సహనం గురించి మాట్లాడాడు, సోమవారం భూస్థాపన జరిపించాడు. తాత కూతురి తల మీద చెయ్యి పెట్టి ఆదరణ కోసం ప్రార్థించాడు. మొన్న శనివారం గుమ్మం దాకా వచ్చినవాణ్ణి తిప్పి పంపానే అన్న ముల్లు ఒకటి గుచ్చుకుంది గానీ, వారంలో ఇంకో మూడు మరణాలు, ఒక పెళ్ళి. ముల్లు చూసుకోడానికి తీరికేదీ.

తర్వాతి శనివారం ప్రసంగం చెప్పుకుని ఆమెన్ అన్నాడు. కిటికీ అవతల ఆమెన్ వినబడింది.

గబగబా వెళ్ళి తలుపు తీశాడు. బల్ల ఖాళీ. కూతురు తల్లితో కలిసి బజారుకెళ్ళింది. చెవులు పాడయ్యాయనుకున్నాడు. మరుసటి శనివారమూ అంతే. ముసలి గొంతు, పొడి గొంతు, తొందరేమీ లేని గొంతు. నాలుగో శనివారానికి ఆయనకు ఆమెన్ అనడమే భయమైపోయింది. ప్రార్థన మధ్యలో ఆపి చెవులు రిక్కించి నిలబడితే, అవతల కూడా ఎవరో ఆగి ఎదురుచూస్తున్నట్టుండేది. దయ్యాలూ భూతాలూ లేవని సంఘానికి ఎన్నిసార్లు చెప్పాడో ఆయనకే లెక్క లేదు. ఇప్పుడా మాట తనకు తను చెప్పుకుంటే నమ్మకం కుదరలేదు.

గొంతెత్తి సాధన చేయడం మానేశాడు. దాంతో ప్రసంగాలు కుంచించుకుపోయాయి. ముప్పావుగంట కాస్తా పదిహేను నిమిషాలైంది. సంఘపెద్ద వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అయ్యగారూ, ఈ మధ్య మీ వాక్యం అద్భుతం. సూటిగా, క్లుప్తంగా! పన్నెండున్నరకల్లా భోజనానికి కూర్చుంటున్నాం."

అయ్యగారు నవ్వలేకపోయాడు. వేదిక మీద నిలబడితే, తను చెప్పబోయే మాట ఎవరో ముందే వినేసి కూర్చున్నారన్న అనుమానం పీడిస్తోంది. తాత కూర్చునే మూడో వరుస చివరి కుర్చీ వైపు చూపు పోకుండా కాపలా కాసుకుంటున్నాడు. పోనీ ఇంట్లో సుఖముందా అంటే, అక్కడ కూతురు మారిపోయింది. బెల్ మోగితే వంటింట్లోకి పరుగు. తండ్రి ఆలస్యంగా వచ్చినా గడియారం చూడదు. కుటుంబ ప్రార్థనలో ఆయన ముగించగానే తల్లి ఆమెన్ అంటుంది, పిల్ల పెదవులు బిగించి కూర్చుంటుంది.

రెండు నెలలు గడిచాక ఒక సాయంత్రం భోజనాల దగ్గర బెల్ మోగింది. "వెళ్ళి చూడవే" అంది తల్లి. పిల్ల కదల్లేదు. "ఏమైందే నీకు? తలుపు తీయడానికి కూడా బరువైందా?" అని గద్దించేసరికి వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టింది.

"నేను తలుపు తీయను. తీస్తే మళ్ళీ అబద్ధం చెప్పమంటారు. తాతయ్య అన్నీ విన్నాడు."

అయ్యగారి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఏం విన్నాడమ్మా?"

"నువ్వు లేవని చెప్పాను. సరేనమ్మా, కాస్త ఆయాసంగా ఉంది, కూర్చుని పోతా అన్నాడు. నేను బయట్నుంచే తలుపు దగ్గరకేసి వరండాలోనే ఉన్నాను. అప్పుడు నువ్వు గట్టిగా ప్రసంగం మొదలెట్టావు. నాకు ఏం చెయ్యాలో తెలీలేదు. తాతయ్య నన్ను చూసి నవ్వాడు. ఇలా నోటి మీద వేలు పెట్టుకున్నాడు. అంతా అయ్యేదాకా బల్ల మీదే కూర్చున్నాడు. చివర్లో ఆమెన్ అని, మెల్లగా లేచి వెళ్ళిపోయాడు."

అమ్మగారు కంచం పక్కకు జరిపి భర్తను చూసింది. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆవిడ అలా చూడటం అదే మొదలు. బయట బెల్ మళ్ళీ మోగింది, వచ్చినవాళ్ళు విసిగి వెళ్ళిపోయారు.

"అబద్ధం నాదా, నీదా నాన్నా?" అంది పిల్ల, ముక్కు తుడుచుకుంటూ.

"నాదే. నీది కానే కాదు."

"అయితే తాతయ్య కూతురు ఉందిగా, ఆ అక్కకు నువ్వే చెప్పాలి."

లాయరమ్మ కేసు గెలిచాక వదిలే మనిషి కాదు. అయినా అయ్యగారు నాలుగు రోజులు నాన్చాడు. ఒకరోజు మీటింగన్నాడు, ఒకరోజు తలనొప్పన్నాడు. పిల్ల రోజూ ఆయన ఇంటికొచ్చే వేళకు చెప్పులేసుకుని వరండాలో బల్ల మీద కూర్చునేది. ఐదో రోజు ఆ పిల్లను వెంటబెట్టుకుని బయల్దేరాడు.

దర్జీ ఇల్లు రెండు వీధుల అవతల. ఒకటే గది, మధ్యలో కుట్టుమిషను, నేలంతా రంగురంగుల గుడ్డపేలికలు. ఒక మూల సగం అల్లిన కుర్చీ అలాగే ఉంది, వైరు చివర వేలాడుతూ. వీళ్ళను చూడగానే ఆమె గబగబా గుడ్డలు పక్కకు తోసి చోటు చేసింది.

"రండి అయ్యగారూ. పాపతోనే వచ్చారే, ఎప్పుడూ పదిమందితో వస్తారు కదా. కూర్చోమ్మా పాపా."

ఆయన కూర్చున్నాడు. కుట్టుపని ఎలా ఉందని అడిగాడు. కరెంటు సంగతి అడిగాడు. కూతురు మోచేత్తో పొడిచింది. ఈలోగా ఆమే అందుకుంది.

"మీరొస్తే ఒక మాట చెప్పాలని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నాను. ఆ శనివారం నాన్న మీ ఇంటికే వచ్చాడు, తెలుసా? పొద్దున్నుంచీ ఎడమ చెయ్యి లాగుతోందన్నాడు. ఆసుపత్రికి పదమని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. వినడే! అయ్యగారి చేత ప్రార్థన చేయించుకుంటాను, ఆయన పొమ్మంటే పోతాను అన్నాడు. మీ మాటంటే ఆయనకు అంత గురి."

అయ్యగారు మూలనున్న సగం అల్లిన కుర్చీ వైపు చూశాడు.

"తిరిగొచ్చాక అడిగాను, ఏమన్నారని. అయ్యగారు ఇంట్లో లేరన్నాడు. లేకపోతే ఇంతసేపు ఏం చేశావు, నిజంగా లేరా అని కేకలేశాను. ఉంటే నాకోసం బయటికి రాకుండా ఉంటారా అన్నాడు. రేపు ఆరాధన అయ్యాక అడుగుతాలే అని పడుకున్నాడు." ఆమె ఒడిలో ఉన్న గుడ్డను మడతపెట్టింది, మళ్ళీ విప్పింది. "మీరు ఆ పూట ఇంట్లో ఉండుంటే బతికేవాడేమోనని ఒక్కోసారి అనిపిస్తుంది. కానీ మీరు లేరు. ఎవర్ని అనుకుని ఏం లాభం? అలా అనుకునే సర్దుకుంటున్నాను."

ఎడమ చెయ్యి లాగుతోందని ఆ ముసలాయన ఒక్క మాట చెప్పి ఉంటే, స్కూటరు మీద కూర్చోబెట్టుకుని తనే ఆసుపత్రికి తీసుకెళ్ళేవాడు. పది నిమిషాల దారి. ఆ పది నిమిషాలూ గోడకు ఇటువైపు నిలబడి బీరువాకు సహనం నేర్పాడు. ఇప్పుడు నిజం చెబితే ఈమె సర్దుకున్నదంతా కూలిపోతుంది. చెప్పకపోవడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదని, అది సాకేనని, రెండూ ఆయనకు ఒకేసారి తెలిశాయి. పక్కన కూతురు ఊపిరి కూడా తీయకుండా చూస్తోంది.

"ఉన్నానమ్మా" అన్నాడు. "ఇంట్లోనే ఉన్నాను. లేనని నేనే చెప్పించాను. లోపల ప్రసంగం చెప్పుకుంటుంటే మీ నాన్న బయట బల్ల మీద కూర్చుని అంతా విన్నాడు. నేనున్నానని ఆయనకు తెలుసు."

ఆమె ఒడిలోని గుడ్డను తీసి కుట్టుమిషను మీద పెట్టింది. వీధిలో ఎవరో ఎవర్నో పిలుస్తున్నారు.

"మా నాన్న నాతో అబద్ధం చెప్పాడా?" అంది చివరికి. "మీ కోసం?"

అవునన్నట్టు ఆయన తలూపాడు.

"మరి సమాధి దగ్గర నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారే. అప్పుడెందుకు చెప్పలేదు?"

"భయపడ్డాను."

"ఎవరికి? దేవుడికా?"

"కాదమ్మా. నీకు."

ఆమె లేచి పిల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. "తలుపు తీసింది నువ్వేనా? తాత నీ మీద కోప్పడ్డాడా?"

"లేదక్కా. నవ్వాడు."

అప్పుడు ఆమె పిల్లను దగ్గరికి లాక్కుని ఏడ్చింది. పిల్లా ఏడ్చింది. అయ్యగారు ఏడవడానికి ముఖం చెల్లక గోడవైపు చూస్తూ కూర్చున్నాడు. ఆదరణ మాటలు ఎన్నో వచ్చు ఆయనకు. ఒక్కటీ అక్కరకు రాలేదు.

బయల్దేరేటప్పుడు ఆమె గుమ్మం దాకా వచ్చింది.

"నాకు కోపంగా ఉంది అయ్యగారూ. లేదని చెప్పను. మిమ్మల్ని అడగాల్సినవి చాలా ఉన్నాయి. ఇప్పుడు అడగలేను, ఎప్పుడు అడగగలనో తెలీదు. ఓపిక వచ్చినప్పుడు నేనే వస్తాను. వచ్చినప్పుడు ఇంట్లో ఉండండి."

దారిలో పిల్ల తండ్రి చెయ్యి పట్టుకుంది. ఆ రాత్రి ప్రార్థనలో ఆమెన్ అని అందరికంటే గట్టిగా అంది. మర్నాటి నుంచి మళ్ళీ వాదనలే. తలుపు తీసి నిజాలు మరీ ఎక్కువ చెబుతోంది కూడా. "నాన్న ఉన్నారు గానీ, మీరొచ్చారంటే అబ్బా అన్నారు" అని సంఘపెద్ద ముఖం మీదే అనేసరికి అమ్మగారు వంటింట్లో గరిటె వదిలేసి నవ్వింది.

పిల్ల నోటికి భయపడే ఇప్పుడు బెల్ మోగితే అయ్యగారే పరిగెత్తుకెళ్ళి తలుపు తీస్తున్నాడని అందరూ అనుకుంటారు. స్నానం సగంలో ఉన్నా, ముద్ద నోట్లో ఉన్నా లేచి వెళతాడు. వచ్చినవాళ్ళను చూసి నవ్వుతాడు, రండి అంటాడు, రెండు గంటలైనా కూర్చోబెట్టుకుని వింటాడు. వాళ్ళ భుజాల మీదుగా ఒకసారి వీధిలోకి చూస్తాడు. ఆమె ఇంకా రాలేదు.