మూడో అంతస్తు అత్తగారి పరామర్శ

మా భవనంలో ఎవరి మనసు బాగాలేదని తెలిసినా మూడో అంతస్తు అత్తగారు పరామర్శకు బయలుదేరుతుంది. లిఫ్టంటే నమ్మకం లేదు కాబట్టి మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కుతుంది. ఆ ఆయాసంతో కుర్చీలో కూలబడి, కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుని, "ఏం చేస్తాం, ధైర్యంగా ఉండాలి" అంటుంది. ఆ మాట పూర్తయ్యీ అవకముందే నిద్రపోతుంది, గురక కూడా పెడుతుంది. ఇక బాధలో ఉన్నవాళ్లే లేచి ఆమె తల కింద దిండు సర్దాలి.

పై అంతస్తులో ఉండే రిటైరైన బస్సు డ్రైవరు, భార్య పోయిన దగ్గర్నుంచి నిద్రకు మొహం వాచిపోయాడు. కళ్లు గుంటలు పడ్డాయి. స్టవ్ మీద పాలు పెట్టి మరిచిపోతున్నాడు. మొన్న మధ్యాహ్నం అత్తగారు ఆయన్ని ఓదార్చడానికి వెళ్లి, సాయంత్రమైనా దిగిరాలేదు. కోడలు వెతుక్కుంటూ వెళ్లేసరికి తలుపు తెరిచే ఉంది, గురక మెట్ల దాకా వస్తోంది. ఆ పిల్లకి తల కొట్టేసినట్టయింది.

"అత్తయ్యా, లేవండి. ఓదార్చడమంటే ఇదా?" అంటూ భుజం తట్టబోయింది.

ఎదుటి కుర్చీలోంచి డ్రైవరు కళ్లు తెరవకుండానే, బస్సు ఆపినట్టు చెయ్యెత్తాడు.

"లేపకమ్మా. మా ఆవిడ గురక ఆగిపోయాక ఈ ఇంట్లో నాకు కునుకు పట్టింది ఇవాళే."

 కోడలు ఫ్యాను కొంచెం తగ్గించి, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది.