అంతరిక్ష నౌకకు బోల్టులు

రాయచూరు దగ్గర థర్మల్ ప్లాంటు కాలనీలో ఉన్న రోజుల్లో, క్లబ్బు వార్షికోత్సవానికి నేనొక నాటకం రాశాను. తెలియని గ్రహం మీద చిక్కుపడిన అంతరిక్ష నౌక. సిబ్బంది తిరగబడితే కెప్టెన్ వాళ్లను చితకబాది లొంగదీస్తాడు. సిబ్బంది ఇద్దరే, ఒక క్రేన్ ఆపరేటరూ ఒక స్టోర్సు గుమాస్తా; మిగతావాళ్లకు డ్యూటీ కుదరలేదు. కెప్టెన్ వేషం నాదే. నా కండలు తలుచుకుని నవ్వకండి. చివర్లో రెండు పేజీల ఉపన్యాసం ఉంది, దాన్ని ఇంకొకరి నోటికి అప్పగించడానికి నాకు ప్రాణం ఒప్పలేదు.

నౌకను బాయిలర్ సెక్షన్ వాళ్లు రేకుతో చేసిపెట్టారు. అడుగు లేదు, పక్కన గుండ్రటి తలుపు. తెర లేచే ముందు ముగ్గురం లోపలికి దూరాం. బాయిలర్ తలుపులు మూసి మూసి చేయి తిరిగిన ఫిట్టరు, బయటినుంచి బోల్టులన్నీ బిగించి, స్పానర్ జేబులో వేసుకుని షిఫ్టుకు వెళ్లిపోయాడు. పనిమంతుడు, ఒక్క బోల్టూ వదల్లేదు.

తెర లేచింది. మేము బయటికి రాలేకపోయాం.

"తప్పుకోండి, ఒక్క తన్ను తంతే ఊడుద్ది," అన్నాడు మా క్రేన్ ఆపరేటరు. సింధనూరు కాలువ కింద వరి పండించే ఇంటి కుర్రాడు. తన్నాడు. నౌక ఊగింది, జనం చప్పట్లు కొట్టారు, అతని బొటనవేలు వాచింది. కెప్టెన్ హోదాలో నేను మళ్లీ తన్నమన్నాను.

"గిట్ల తంతే మన మీదనే పడ్తది సార్," అన్నాడు స్టోర్సు గుమాస్తా, రాయచూరు బజారు మనిషి. "కలిసి అంచు లేపుదాం. ఒకరు బయటికి పోయి పట్టుకుంటే మిగిలినోల్లం వస్తం."

లేపాం. ఎవరికి వారే ముందు దూరబోయేసరికి అంచు దబ్బున పడింది. రెండోసారీ అంతే. మూడోసారి, సన్నవాణ్నని నన్ను పంపారు.

పాక్కుంటూ వచ్చి లేచి నిలబడ్డాను. ఎదురుగా కిక్కిరిసిన హాలు. దేవుడి మీద ఒట్టు, అంచు సంగతే మరిచిపోయాను. "విశ్వంలో బలవంతుడిదే రాజ్యం!" అని మొదలెట్టి రెండో పేజీలోకి వచ్చేశాను.

"రాజ్యం తర్వాత ఏలుదురుగాని సార్, ముందిది పట్టుకోండి! చేతులు పడిపోతున్నాయి!" అని క్రేన్ ఆపరేటరు లోపలినుంచి అరిచాడు. హాలంతా గొల్లుమంది.

వంగి అంచు పట్టుకున్నాను. సందులో నాలుగు పాదాలు వణుకుతూ కనిపించాయి. నేను ఉపన్యాసం దంచినంతసేపూ ఇద్దరిలో ఒక్కడూ వదల్లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ముందు గుమాస్తా వచ్చి నా పక్కన అంచు పట్టాడు. తర్వాత క్రేన్ ఆపరేటరు కుంటుతూ వచ్చాడు. నాటకం ప్రకారం ఇప్పుడు నేనతన్ని చితకబాదాలి. అతని చేయి నా భుజం మీద వేసుకుని మెల్లగా తెర వెనక్కి నడిపించాను.