అయ్యగారి సైకిలు దీపం ఆర్పింది నీళ్ళు కాదు

ఆ రోజుల్లో నర్సీపట్నంలో ఐటీఐ ఫిట్టరు సర్టిఫికెట్టు చేతిలో ఉన్న కుర్రాడికి రెండే దారులు. ఒకటి, విశాఖపట్నం వెళ్ళి ఏదో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడడం. రెండోది, మేనమామ సైకిలు షాపులో కూర్చుని, రేపో మాపో విశాఖపట్నం వెళ్ళిపోతున్నానని వచ్చినవాళ్ళందరికీ చెప్పడం. నేను రెండోదాన్ని మూడేళ్ళపాటు శ్రద్ధగా చేశాను. ఇరవై రెండేళ్ళ వయసులో మనిషికి తెలియనిదంటూ ఉండదు, తెలియకపోవడం ఆ తర్వాతే మొదలవుతుంది. మా మావకి చదువు తక్కువ, చెయ్యి గొప్పది. నాకు సర్టిఫికెట్టు గొప్పది, చెయ్యి సంగతి ఇప్పుడు చెప్పబోతున్నాను. ఊళ్ళో పాతికేళ్ళుగా చెలామణీ అవుతున్న ఒక కథలో నేరస్తురాలిగా నిలబడింది పాస్టరు అయ్యగారి భార్య. అసలు నేరస్తుణ్ణి నేను.

అయ్యగారి సైకిలు మామూలు సైకిలు కాదు. మిషన్ ఆసుపత్రిలో పనిచేసి తమ దేశం వెళ్ళిపోయిన ఒక దొరసాని నర్సు ఆయన తండ్రికిచ్చింది, తండ్రి నుంచి ఆయనకొచ్చింది. మన సైకిళ్ళకి డైనమో అంటే టైరుని ఒరుసుకుంటూ తిరిగే సీసా లాంటిది. ఈ సైకిలుకి ముందు చక్రం నడుమే డైనమో. హబ్బు డబ్బాలా లావుగా ఉండేది. లోపల గుండ్రటి అయస్కాంతం చక్రంతో పాటు తిరుగుతుంది, దాని మధ్యలో ఇరుసుకి బిగించిన తీగచుట్ట కదలకుండా ఉంటుంది, రెండింటికీ మధ్య గోరు కూడా దూరనంత సందు. ఆ సందుని కాపాడేవి ఇరుసుకి రెండు వైపులా, కోను అనే మర బిగించి పట్టుకునే బేరింగు బాల్సు. అవి అరిగితే చక్రం ఊగుతుంది, ఊగితే అయస్కాంతం వెళ్ళి తీగచుట్టని రాసుకుంటుంది. ఆ ఏడాది వానల తర్వాత అయ్యగారి సైకిలు సరిగ్గా అలాగే కరకరమనడం మొదలుపెట్టింది. (ప్రార్థన మధ్యలో ఎవరో జంతికలు తింటున్నట్టుండేదని సంఘంలో ఒక పెద్దాయన అన్నాడు.) ఆయనకి ఆ దీపం అలంకారం కాదు. వారానికి నాలుగు సాయంత్రాలు కొయ్యూరు రోడ్డు మీద ఊళ్ళకి ప్రార్థనలకి వెళ్ళి, పొద్దుగూకాక ఆ వెలుతురులోనే తిరిగొచ్చేవారు.

ఆవేళ మావ పాయకరావుపేటలో చుట్టాల పెళ్ళికి వెళ్ళాలి. కొత్త చొక్కా వేసుకుని, చెయ్యి తుడుచుకోబోయి అలవాటుగా ఆ చొక్కాకే గ్రీజు తుడుచుకుని, నన్ను పిలిచాడు.

"ఒరే సర్టిఫికెట్టూ, సెవులిటు పెట్టు. అయ్యగారి సైకిలొస్తది. ఇటేపు కోను ఇప్పు, బాల్సు మార్చు, గ్రీజు పెట్టు, బిగించు. అటేపూ అంతే. ఇరుసు మాత్రం బయటికి లాగకు. అయస్కాంతం, తీగచుట్ట మొగుడూ పెళ్ళాల్లాంటివి. ఇడదీసేవంటే మళ్ళీ కలిపినా మునుపటి పేమ ఉండదు."

"ఎందుకుండదు మావా?"

"ఎందుకో నాకేటి తెలుసు? మా గురువు సెప్పేడు, నాను సెప్తన్నాను. నీ సర్టిఫికెట్టులో రాసుకో."

కారణం చెప్పలేనివాడి మాట వినడం చదువుకున్నవాడికి నామోషీ అని నేను అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చి ఉన్నాను. అయినా, దేవుడి తోడు, ఒక వైపు కోను విప్పేదాకా మావ చెప్పినట్టే చేశాను. లోపలి గ్రీజు మజ్జిగలా తెల్లగా విరిగి ఉంది, బాల్సు తుప్పుపట్టి సగానికి సగం అరిగిపోయాయి. నీళ్ళు దిగాయన్నమాట. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. కానీ పంక్చరు కోసం వచ్చి బల్ల మీద కూర్చున్న జీడితోట తాత ఒకాయన మెడ చాచాడు.

"ఆ డబ్బాలో ఏటుంటది బాబూ?"

"అయస్కాంతం తాతా. దాంతోనే కరెంటు పుడతాది."

"నిజవే? ఏదీ, సూపించు."

నా పతనానికి కారణం ఆ ఒక్క శ్రోత. ఇరుసు లాగాను. తీగచుట్ట బయటికొచ్చింది. మరలు విప్పి అయస్కాంతాన్ని కూడా చేతిలోకి తీసుకున్నాను. తీసుకుని, కరెంటు ఎలా పుడుతుందో చెప్పడం మొదలుపెట్టాను. మా ఐటీఐ మాస్టారు వింటే కళ్ళనీళ్ళు పెట్టుకునేవారు (సంతోషంతో కాదు). చెబుతూ చెబుతూ అయస్కాంతాన్ని కొత్త బాల్సు పోసిన సత్తుగిన్నె మీదుగా తిప్పాను. గిన్నెలో బాల్సన్నీ ఒక్కసారి లేచి దానికి అంటుకున్నాయి.

"ఓలమ్మో! బెల్లానికి సీమలు పట్టీసినట్టు పట్టీసేయి!" అని తాత చప్పట్లు కొట్టాడు.

చప్పట్లు కొట్టాక ఆగేవాడు కళాకారుడు కాడు. అయస్కాంతానికి పానా అంటించాను, గొలుసు అంటించాను, దాన్ని తీసుకెళ్ళి రేకు తలుపుకి కొట్టి వేలాడదీశాను. తాత టైరు సంగతే మర్చిపోయాడు. ఆ బాల్సన్నీ ఒక్కొక్కటీ గోళ్ళతో పీకేసరికి మధ్యాహ్నమైంది. అన్నానికి వెళ్తూ, ఫ్యాను గాలికి పేపరు ఎగిరిపోకుండా అయస్కాంతాన్ని దాని మీద బరువు పెట్టి వెళ్ళాను.

తిరిగొచ్చి అంతా బిగించాను. ఇక్కడ నా గురించి ఒక మంచి మాట చెప్పుకోనివ్వండి, ఈ కథలో ఇదొక్కటే: బేరింగు పని అద్భుతంగా చేశాను. కోను గట్టిగా బిగిస్తే చక్రం పట్టేస్తుంది, వదులైతే ఊగుతుంది, ఆ రెండింటి మధ్య ఉండే వెంట్రుకవాసి నాకు మొదటిసారే దొరికింది. చక్రం ఎత్తి ఒక్క తిప్పు తిప్పితే, చప్పుడనేది లేకుండా, అది తిరుగుతోందో లేదో చువ్వలు చూస్తే తప్ప తెలియకుండా తిరిగింది. పొంగిపోయి, రేకు తలుపు ఓరగా వేసి, చీకటి చేసి దీపం చూశాను. ఆరిపోబోయే బీడీలా ఉంది. ఇంకా జోరుగా తిప్పాను. రెండు బీడీలైంది.

(కారణం చాలా ఏళ్ళకి తెలిసింది. ఆ పాతకాలపు అయస్కాంతాన్ని విడదీసేటప్పుడు దాని లోపల ఇనుప రింగు ఒకటి తోడు పెట్టాలట, ఒంటరిగా వదిలేస్తే దాని బలం సగం అక్కడికక్కడే పోతుందట. మావ చెప్పింది అక్షరాలా నిజం, ఉపమానంతో సహా.)

నాలుగింటికి అయ్యగారొచ్చారు. చక్రం తిప్పి, చెవి పెట్టి విని, "అబ్బ, ఎంత మెత్తగా తిరుగుతంది బాబూ!" అని నా భుజం తట్టారు. తర్వాత దీపం చూశారు. "ఇదేటి, దీపం మూతి ముడుసుకుంది?"

నా నోట్లో నిజం ఉంది. నా చేతిలో ఆ తెల్లటి గ్రీజు ముద్ద ఉంది. చెయ్యే ముందు లేచింది. "నీళ్ళండి, అయ్యగారూ. చూడండి, లోపలికి నీళ్ళు దిగీసేయి. సైకిలు గానీ కడుగుతారేటండి?"

ఆయన మొహం వాడిపోయింది. "శనివారం శనివారం అమ్మగారు..." అని ఆగిపోయారు. ఆ శనివారాల సంగతి ఊరందరికీ తెలుసు. అమ్మగారు చింతపండుతో సైకిలు గంట తోమి, కొబ్బరిపీచుతో రిమ్ములు రుద్ది, రెండు బకెట్ల నీళ్ళు కుమ్మరించి, ఆదివారం పొద్దున్న చర్చి గుమ్మం పక్కన ఆ సైకిలుని పెళ్ళికొడుకులా నిలబెట్టేవారు. అది ఆవిడ గర్వం. నేను చెప్పినదాంట్లో సగం నిజమే ఉండడం నా దౌర్భాగ్యం: బాల్సుని అరగదీసింది నీళ్ళే. అబద్ధానికి నిజం ఇరుసుగా ఉంటే ఎంతకాలమైనా తిరుగుతుంది.

మావ తిరిగొచ్చి అడిగాడు: "డబ్బా ఇడదీసేవేటి?" "లేదు మావా," అన్నాను. నా మొహంలోకి కాసేపు చూశాడు. మర్నాడు, అడిగినవాళ్ళందరికీ, "మా మేనల్లుడి పనికి వంకలేదు, నీళ్ళే సంపీసేయి," అని చెప్పాడు. రెండు రోజుల తర్వాత నేను కూర్చునే చోట గోడకి మేకు కొట్టి, తన గురువు నాటి ఇనుప రింగు ఒకటి తగిలించాడు.  అది దేనికో తెలిసిన రోజున గానీ, ఆయనకి అప్పుడే తెలిసిపోయిందని నాకు తెలియలేదు.

అమ్మగారి బకెట్లు బంద్ అయ్యాయి. అయ్యగారే పొడిగుడ్డతో సైకిలు తుడుచుకునేవారు. హ్యాండిలుకి ట్యూబు ముక్కతో టార్చిలైటు కట్టుకుని ఊళ్ళకి వెళ్ళేవారు. ఒక సాయంత్రం మునిమాపువేళ ఆ టార్చి కూడా కొండెక్కితే, చెరకు తోట కాలవలో దిగబడ్డారు. (దారంతా పాడుకునే పాట కాలవలోంచి కూడా ఆపలేదట. అందుకే త్వరగా దొరికారు.) ఆ వచ్చే ఆదివారమే పుట్టింది ఆ ప్రసంగం. పైమెరుపు కోసం కడిగి కడిగి లోపలి వెలుగు పోగొట్టుకున్న సైకిలు ప్రసంగం! జనం కదిలిపోయారు. ఇరుగుపొరుగు ఊళ్ళ వాళ్ళు కబురుపెట్టి మరీ అదే చెప్పించుకున్నారు. చెప్పిన ప్రతిసారీ "ఆ కడిగే చెయ్యి" అనే చోటుకి రాగానే, తలలన్నీ మొదటి వరసలో కూర్చున్న అమ్మగారి వైపు తిరిగేవి. ఆవిడ పైటచెంగు సర్దుకుని నవ్వేవారు.

మావ పోయాడు, షాపు నాదైంది, విశాఖపట్నం వెళ్ళబోవడం కూడా మానేశాను. మొన్నామధ్య ఒక పెళ్ళి ప్రధానానికి వెళ్ళి బిర్యానీ తింటుంటే, కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరు మైకు అందుకున్నాడు. అదే ప్రసంగం! వంశపారంపర్యమైపోయిందన్నమాట. తలలు తిరిగాయి. అమ్మగారి జుట్టు ముగ్గుబుట్టలా ఉంది. పైటచెంగు సర్దుకుని నవ్వారు. బిర్యానీ సగంలో వదిలేసి లేచాను.

పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను. అయ్యగారు మోకాళ్ళ నొప్పుల మూలంగా సైకిలు మానేసి వరండాలో పడక్కుర్చీకి పరిమితమయ్యారు. పెరట్లో కొళాయి దగ్గరున్న అమ్మగారికి, అయస్కాంతం మొదలుకొని పేపరు బరువు దాకా, మొత్తం చెప్పేశాను. ఆవిడ చెంబు కింద పెట్టారు.

"అంటే, నా నీళ్ళ మూలంగా దీపం పోలేదు?"

"లేదమ్మగారూ."

"పాతికేళ్ళు, బాబూ. పెళ్ళిళ్ళలో కూడా నాకేసి సూసేవోరు. సంపెయ్యాలనుంది నిన్ను." చంపలేదు. లోపలికి వెళ్ళారు. చింతపండు ముద్దతో, పీచుతో, రెండు బకెట్లతో తిరిగొచ్చారు. గుడ్డ కింద నిద్రపోతున్న సైకిలుని బయటికి లాగారు. మొదటి బకెట్టు ఎత్తి సూటిగా ముందు చక్రం నడుం మీద కుమ్మరించారు.

"అమ్మగారూ, బేరిం..." అని లేవబోయి కూర్చున్నాను. నీళ్ళు బేరింగుకి శత్రువన్నది నాకు తెలిసిన నిజాల్లోకెల్లా గట్టి నిజం. దాన్ని ఒకసారి అబద్ధానికి వాడేశాను కాబట్టి, ఆ ఇంట్లో మళ్ళీ వాడే హక్కు నాకు లేదు.

"ఎవరది నీళ్ళు పోసేది?" వరండాలోంచి కేక.

"నానే! దీపం పోగొట్టింది ఈ మహానుభావుడంట. నా నీళ్ళు కాదంట!"

వరండాలో పడక్కుర్చీ కిర్రుమంది. తర్వాత అయ్యగారి గొంతు బేలగా వినిపించింది. "మరి నా ప్రసంగం ఏటవ్వాలి, బాబూ?"

"ప్రసంగం బాగుంది, ఉంచుకోండి," అన్నారు అమ్మగారు, రెండో బకెట్టు ఎత్తుతూ. "కడిగినోళ్ళ మాట తీసీండి. ఇప్పిందెవరో సెప్పండి." తర్వాత నా వైపు తిరిగారు. "నువ్వు మాత్రం మా ఇద్దరికీ సెప్పి సేతులు దులుపుకోకు. ఆ ప్రసంగం ఇన్నోళ్ళందరికీ సెప్పు."

ఆ ప్రసంగం ఎన్ని ఊళ్ళు తిరిగిందో నాకు తెలియదు, అందుకే ఇలా రాస్తున్నాను. విన్నవాళ్ళెవరైనా ఉంటే, దయచేసి మీ తలలు ఇటు తిప్పండి. ఇప్పుడు అమ్మగారు ప్రతి శనివారం ఎవరూ ఎక్కని ఆ సైకిలుని కడుగుతారు. ప్రతి సోమవారం నేను వెళ్ళి, కోనులు విప్పి, నీళ్ళు తుడిచి, కొత్త గ్రీజు పెట్టి, మాట్లాడకుండా బిగించి వస్తాను. ఇరుసు మాత్రం లాగను. బిగించాక అలవాటుగా ఒక్క తిప్పు తిప్పుతాను. పాతికేళ్ళ కిందటి నా బాల్సు ఈనాటికీ కిక్కురుమనవు. చక్రం మెత్తగా, చాలాసేపు తిరుగుతుంది, పైన దీపం బీడీలా వెలుగుతుంది. ఆ కాస్త ఎర్రటి వెలుగులో, చేతిలో అయస్కాంతం పట్టుకుని తాతకి పాఠం చెబుతున్న కుర్రాడొకడు కనిపిస్తాడు. వాణ్ణి తిడదామనే ప్రతి సోమవారం అనుకుంటాను. తీరా చూస్తే, బాల్సన్నీ లేచి అంటుకున్నప్పుడు వాడి మొహంలో ఉన్న సంబరం చూసి, ఇంకోసారి చక్రం తిప్పి వచ్చేస్తాను.