రాకుమారుడు తాలుకాయలు ఏరిన కథ

ఆ రోజుల్లో లోకంలోని జ్ఞానమంతా మా ఊరి శాఖా గ్రంథాలయంలో, ఒక కాలు విరిగి ఇటుక మీద నిలబడ్డ రెండో బీరువాలో ఉందనీ, ఆ బీరువాను అట్ట నుంచి అట్ట దాకా చదివినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఇక లోకం నా దగ్గరికి రావడమే మిగిలిందనీ నాకొక నమ్మకం ఉండేది. డిగ్రీ అయిపోయింది. ఉద్యోగం రాలేదు (అది నన్ను వెతుక్కుంటూ దారి తప్పిందని ఇంట్లో చెప్పేవాణ్ణి). పొద్దున్నే వెళ్లి గ్రంథాలయం అరుగు మీద కూర్చుంటే, తాళం తీసే ఆయన తీరిగ్గా వచ్చి, "ఏం బాబూ, ఇంట్లో కూర్చోనివ్వడం లేదా?" అని పరామర్శించేవాడు. ఆ యేడు నాకు పాతకాలపు రాకుమారుల కథల పిచ్చి పట్టింది. చదవడంతో ఆగితే బాగుండేది. వాటిని ఈ కాలానికి తగ్గట్టు తిరగరాయాలన్న పిచ్చి కూడా వెనకాలే వచ్చింది. మేడ మీద కూర్చుని ఎవడో వస్తాడని ఎదురుచూసే రాకుమారిని చూస్తే నాకు ఒళ్లు మండేది. నా కథల్లో రాకుమారి తన పని తనే చేసుకుంటుంది, తన శాపం తనే విడిపించుకుంటుంది. రాకుమారుడు గుర్రమెక్కి వచ్చేసరికి కోటకు తాళం వేసి ఉంటుంది.

ఈ విద్యను లోకానికి చూపించే అవకాశం మా మేనత్త మిరప కల్లంలో వచ్చింది. ఆమె కౌలుకు తీసుకుని, ఏడాదంతా పురుగుతోనూ నీళ్లతోనూ పోట్లాడి పండించిన కాయ మొత్తం అక్కడ ఎర్రగా ఆరబోసి ఉంది. అందులోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరి బస్తాలకెత్తితే మర్నాడు లారీ గుంటూరు మిర్చి యార్డుకు బయల్దేరుతుంది. ఏరడానికి వచ్చిన ఆడవాళ్లు మాత్రం మధ్యాహ్నం అన్నాలు తిన్నాక చెవులు పక్క కల్లానికి అప్పగించారు. అక్కడి రైతు కొత్తగా బ్లూటూత్ స్పీకర్ కొన్నాడు. పాటలు మోగిపోతున్నాయి. దానికి తోడు పడమట మబ్బు లేస్తోంది.

"వదినా, మిగతాది రేపొచ్చి ఏరతాంలే. ఆ పక్కనయితే పాటలు వింటా చేసుకోవచ్చు" అంది ఆ ముఠాకు పెద్దయిన మా పాటల పిన్ని (ఆదివారం చర్చిలో ఆమె గొంతెత్తితే మైకు కట్టేసేవాళ్లు).

"రేపా? ఈ రాత్రికి వాన పడిందంటే ఇక ఏరేదేముందే, కాయంతా తాలే అయిద్ది!" అంది అత్త. ఆకాశం కంటే ముందు ఆమె మొహాన మబ్బు కమ్ముకుంది.

నేను గొంతు సవరించుకున్నాను. "నేను కథ చెప్తాను అత్తా. పాత కథే. కొత్తగా చెప్తాను."

"సర్లే, చెప్పు పుస్తకాలోడా" అంది పిన్ని. "బాగుంటే కూర్చుంటాం, లేదంటే పోతాం. మాకు మొహమాటం లేదు."

ఖాళీ బకెట్ ఒకటి బోర్లించి సింహాసనంలా దాని మీద కూర్చున్నాను. "అనగనగా ఒక రాజు" అన్నాను.

"హాఛ్!" అంది తుమ్ముల మామ్మ. కాయల ఘాటుకు ఆమె పొద్దుట్నుంచీ తుమ్ముతూనే ఉంది గానీ, సరిగ్గా మొదలుపెట్టే వేళకు తుమ్మేసరికి అందరి చేతులూ ఆగిపోయాయి.

"ఒంటి తుమ్ము. కాసేపాగి మొదలెట్టు" అంది పిన్ని. ఆగాను. మళ్లీ మొదలెట్టాను.

కథ అందరికీ తెలిసిందే. సవతి తల్లి ఏడు రకాల గింజలు కలిపి గుట్ట పోసి, తెల్లారేలోగా వేరు చేయమని రాకుమారిని గదిలో పెట్టి తాళం వేస్తుంది. ఒకప్పుడు ఆ పిల్ల నీళ్లలోంచి కాపాడిన చీమలు బారులు తీరి వచ్చి వేరు చేసిపెడతాయి. నేను 'స్థానికత' కోసం (ఆ మాట అంతకు ముందు వారమే ఏదో వ్యాసంలో చదివాను) గింజలు తీసేసి మిరపకాయలు పోశాను. "కోటంత రాశి! అందులోంచి తాలు ఏరాలి. రాకుమారి బావురుమంది. అప్పుడు గోడ పగుల్లోంచి చీమలు..."

"ఆగాగు. చీమలు మిరపకాయ ముట్టుకుంటాయంట్రా?" అంది పిన్ని.

ఈ ప్రశ్నకు జవాబు రెండో బీరువాలో లేదు. "ఇవి మామూలు చీమలు కావు పిన్నీ. రాజుగారి చీమలు."

"గవర్నమెంటు చీమలా? అయితే అసలే రావు. సంతకం పెట్టేసి ఇంటికి పోయుంటాయి."

కల్లమంతా ఘొల్లుమంది. నవ్వడానికి ఆగిన చేతులు మళ్లీ కదల్లేదు. పక్క కల్లంలో పాట మారింది, హుషారైన పాట. ఒకావిడ చీర దులుపుకుంటూ లేచింది. అత్త ఒకసారి మబ్బు వైపు, ఒకసారి నా వైపు చూసింది. రెంటినీ ఒకేలా చూసింది.

కంగారులో నా బ్రహ్మాస్త్రం తీశాను. "చీమలు రాలేదు. ఎవరూ రాలేదు! రాకుమారి కళ్లు తుడుచుకుంది. కొంగు బిగించింది. తెల్లారేలోగా ఒక్కతే కూర్చుని ఆ రాశి అంతా తనే ఏరేసింది!" అని చప్పట్ల కోసం ఆగాను. (గ్రంథాలయంలో ఊహించుకున్నప్పుడు ఇక్కడ చప్పట్లు పడేవి.) కనీసం మామ్మ కూడా తుమ్మలేదు.

"తర్వాత?" అంది మామ్మ.

"తర్వాతేముంది మామ్మా, తన కాళ్ల మీద తను నిలబడింది."

"అదేం కథరా మనవడా? కాపురానికొచ్చిన కాణ్ణించీ నేను నిలబడే ఉన్నా. ఆ పిల్లనన్నా కాసేపు కూర్చోబెట్టు!"

"అవున్రా" అందుకుంది పిన్ని. "ఇక్కడ ఏరేది మేమే, ఇంటికెళ్లి వండేది మేమే, నీ కథలో కూడా మేమే ఏరాలా? గుర్రమేసుకుని ఒకడు తిరుగుతుంటాడు గదా, వాడేడి?"

"నా కథలో వాడు లేడు పిన్నీ. తీసేశాను."

"పనోణ్ణి తీసేస్తే పనెట్టా అయిద్దిరా? పిలువు వాణ్ణి!"

లేచిన ఆవిడ కూర్చుంది. "గుర్రం దిగాడు" అన్నాను నీరసంగా.

"చెప్పులిప్పమను, కాయ మీద నడుస్తాడేమో."

"ఇప్పాడు."

"కత్తి ఆ మూలన పెట్టమను. కూర్చోమను."

"కూర్చున్నాడు."

"ఏడ కూర్చున్నాడు? నువ్వు బకెట్ మీద ఉంటివి. దిగు!"

దిగాను. పిన్ని ఒక గంపెడు కాయలు నా ముందు కుమ్మరించింది. ఇక అక్కణ్ణించి నేనేం చేస్తే రాకుమారుడు అదే చేశాడు. నేను మంచి కాయను తాలులో వేస్తే, "రాజుగారబ్బాయికి చూపు ఆనట్లేదు" అన్నారు. నడుం నొప్పి అని ఒరిగితే, "గుర్రం మీద రాని నొప్పి ఇక్కడొచ్చిందా?" అన్నారు. రాకుమారి మేడ మీద కాళ్లు చాపుకుని జంతికలు తింటోందని మామ్మ చెప్పింది, జంతికలు కరకరలాడుతున్నాయని ఇంకొకరు చెప్పారు. మాట మీద మాట పడుతుంటే చేతులు పరుగెత్తాయి. పక్క కల్లంలో పాటలు వింటున్న ఇద్దరు గట్టు దిగి ఇటొచ్చి, వింటూ వింటూ తామూ ఏరడం మొదలెట్టారు. నేను చెమట కారుతోందని ఏమరుపాటున కన్ను నులుముకున్నాను.

నా కేకకు పక్క కల్లంలో పాట ఆపేశారు.

"ఏమైంది రాకుమారుడికి?" అంది మామ్మ.

"ఏడుస్తున్నాడు!" అని పిన్ని చర్చి గొంతుతో ప్రకటించింది. అత్త చెంబుతో నీళ్లు తెచ్చి నా మొహాన కొడుతూ, పొద్దుట్నుంచీ మొదటిసారి నవ్వింది.

"రాకుమారి కూడా నవ్వింది" అంది మామ్మ. "చాలు, అక్కడ ఆపెయ్. ఇంకేం కలపకు."

పొద్దుగూకక ముందే రాశి పూర్తయింది. బస్తాల మీద పట్టా కప్పాక వాన వచ్చి, నాలుగు చినుకులు రాల్చి, చేసేదేం లేక వెళ్లిపోయింది.

ఇప్పుడు నేను పిల్లల కోసం పాత కథలు తిరిగి చెప్పే పుస్తకాలు రాస్తున్నాను. వాటిలో ఒకటి ఆ రెండో బీరువాలోనే ఉంది (ఇటుక కూడా ఉంది). తెలిసిన కథను మళ్లీ ఎందుకు రాస్తావని ఎవరైనా అడిగితే నాకు ఆ కల్లం గుర్తొస్తుంది. నాకే తోచిన కొత్త కథ చెప్పి ఉంటే వాళ్లు మర్యాదగా విని, లేచి పోయేవాళ్లు. అది తాము పుట్టినప్పట్నుంచీ ఎరిగిన కథ కాబట్టే నన్ను బకెట్ మీద నుంచి దించే హక్కు వాళ్లకుంది.

తుమ్ముల మామ్మ ఇప్పుడు లేదు. అయినా కాగితం ముందు కూర్చుని 'అనగనగా' అని రాయగానే నా చెయ్యి దానంతటదే ఆగుతుంది. చెవి పెట్టి వింటాను. ఎవరూ తుమ్మరు. కాసేపాగి మొదలెడతాను.