హాబీ అంటే డేగ

పెళ్లి సంబంధాలు జాతకాల వల్ల చెడతాయి, మేనమామల వల్ల చెడతాయి. నాది పావురమంత డేగ వల్ల చెడింది. విని నవ్వుకోండి. నాకైతే ఇంకా నవ్వు రావడం లేదు.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. మాది నల్గొండ దగ్గర పల్లె. ఎల్బీ నగర్‌లో కిరాయి గదిలో ఉంటూ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఇంగ్లీషు చెప్పేవాణ్ని. అక్కడే లెక్కలు చెప్పే మాధురి, నేను పెళ్లి చేసుకోవాలనుకున్నాం. వాళ్లది తెనాలి, ఉండేది మాత్రం ఇక్కడే సిటీలో. నాన్న రిటైరైన ఇంగ్లీషు లెక్చరర్. నాతో ఒకసారి మాట్లాడి చూడటానికి ఆయన్ని ఒప్పించేసరికి మాధురి తల ప్రాణం తోకకొచ్చింది.

రమ్మన్న రోజే బంద్. నడిచే వెళ్లాను. చేరేసరికి నా చొక్కా చెమటకు బకెట్లో నానబెట్టిన బట్టలా ఉంది. ఆయనే తువ్వాలు ఇచ్చి, మజ్జిగ తెప్పించి, "హాబీలేంటి బాబూ?" అన్నారు.

పుస్తకాలు చదవడం అంటే సరిపోయేది. మన పాండిత్యం ఊరుకుంటుందా?

"హాబీ అంటే అసలు చిన్న డేగ సార్. రాజులు పొద్దుపోక దాంతోని పిట్టల్ని పట్టించేటోళ్లు. గట్ల కాలక్షేపానికి గా పేరొచ్చింది."

ఆయన ముఖం విప్పారింది. "డేగ సంగతి తెలుసన్నమాట. బావుంది. కానీ అది వేరే మాట. డేగ పేరు కదలడం అనే పాత ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. కాలక్షేపం హాబీ పిల్లలాడే కొయ్యగుర్రం పేరు నుంచి వచ్చింది. చాలామంది ఇలాగే పొరబడతారు."

తల ఊపి మజ్జిగ తాగాల్సిన చోటు అది. కానీ ఈ ఊళ్లో నా యాస విని నవ్విన వాళ్లంతా ఆయన గొంతులోంచి మాట్లాడినట్టనిపించింది.

"మా మాటల తప్పులు పట్టుడు మీకు అలవాటే గద సార్. నీళ్లయినయి, కొలువులయినయి, ఇప్పుడు డేగ గూడ మీదేనా?"

వంటింట్లో పెసరట్టు చిటపటలు కూడా ఆగినట్టయింది. ఆయన మెల్లగా అన్నారు: "అది ఇంగ్లీషు మాటయ్యా. మనిద్దరిదీ కాదు."

మాధురి గేటు దాకా వచ్చింది.

"స్టాఫ్‌రూంలో నీ యాసని వెక్కిరించిన వాళ్లతో నీ తరఫున పోట్లాడాను. మా నాన్న వాళ్లలాంటివాడు కాదు."

"నాకెట్ల తెలుస్తది?"

"ఇంకాసేపు కూర్చుంటే తెలిసేది," అని గేటు వేసేసింది.

అందుకే సకల దేవతల సాక్షిగా ప్రమాణం చేశాను. ఏ పెద్దాయన నా తప్పు దిద్దినా ముందు డిక్షనరీ చూస్తాను, తర్వాతే ఆయనది ఏ ఊరో ఆలోచిస్తాను. ఇంతవరకు ఆ మాట తప్పలేదు. తప్పే అవకాశమూ రాలేదు. ఆ తర్వాత ఏ ఆడపిల్ల తండ్రీ నాకు మజ్జిగ ఇవ్వలేదు.